ఓరుగల్లు నుంచి ఓపెన్ సోర్స్‌లోకి: మొదటి బగ్ రిపోర్టు నుంచి మొదటి ప్యాచ్ దాకా

హనుమకొండ, కరీంనగర్ కాలేజీల్లో చదివే పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. “అన్నా, ఓపెన్ సోర్స్‌ల పని చెయ్యాలంటే ముందు ఏ లాంగ్వేజ్ నేర్చుకోవాలె? పైథానా, జావానా?” ఏదైనా ఫర్వాలేదు, పని చేస్తూ కూడా నేర్చుకోవచ్చు. మొదలుపెట్టడానికి మాత్రం మీకు ఇప్పటికే వచ్చిన తెలుగే పెద్ద పెట్టుబడి. జర్మనీలోనో బ్రెజిల్‌లోనో కూర్చుని ప్రోగ్రామ్ రాసే మనిషికి ‘లక్ష్మి’ అనే పేరులో మ వత్తు సగం తెగిపోయిందని తెలియదు. స్క్రీన్ ముందు పెట్టి చూపించినా తెలియదు. మీకైతే చూడగానే తెలిసిపోతుంది. ఆ తేడాను పట్టుకుని, బగ్ రిపోర్టు (లోపం ఉందని చెప్పే రాత) నుంచి ప్యాచ్ (లోపాన్ని సరిచేసే కోడ్ మార్పు) దాకా, ఒక ప్రాజెక్టులోకి ఎలా వెళ్లాలో, వెళ్లాక ఎలా నిలబడాలో వరసగా చెప్తాను.

ముందు ఒక్క విషయం తేల్చుకుందాం. ఓపెన్ సోర్స్ అంటే కోడ్‌ను, అంటే ప్రోగ్రామ్ అసలు రాతను, ఎవరైనా చూసి, మార్చి, పంచుకోగల సాఫ్ట్‌వేర్. కానీ కోడ్ అందరికీ కనిపించినంత మాత్రాన అది అందరూ కలిసి నడిపే ప్రాజెక్టు అయిపోదు. కొన్నింటిని ఒక కంపెనీ తన ఉద్యోగులతో నడుపుతూ కోడ్ బయట పెడుతుంది. కొన్నింటిని వాడేవాళ్లే కలిసి నడుపుకుంటారు. 1993లో మొదలైన డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు యజమాని కంపెనీ అంటూ లేదు. డెవలపర్లు ఏటా ఓటేసి తమ లీడర్‌ను ఎన్నుకుంటారు. ఓపెన్ఆఫీస్ నుంచి 2010లో విడిపోయి వచ్చిన లిబ్రెఆఫీస్‌ను (వర్డ్, ఎక్సెల్ లాంటి పనులు చేసే ప్యాకేజీ) ది డాక్యుమెంట్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ చూసుకుంటుంది. మన ఊళ్లలో నాట్లప్పుడు బదులుకు పోతారు చూడండి, ఇవాళ మీ పొలంలో నేను, రేపు నా పొలంలో మీరు అన్నట్టు. ఇలాంటి ప్రాజెక్టులు నడిచేది కూడా ఆ లెక్కమీదే. నేను ఈ రెండో రకం గురించే మాట్లాడుతున్నాను. కొత్తవాళ్లు ఎదగడానికి చోటు ఎక్కువగా అక్కడే ఉంటుంది.

ఒకటి: చేతిలో ఏం ఉండాలి

పాత ల్యాప్‌టాప్ సరిపోతుంది. 8 జీబీ ర్యామ్ ఉంటే చాలా ప్రాజెక్టులకు ఇబ్బంది ఉండదు. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేకపోతే ఫోన్ హాట్‌స్పాట్‌తోనూ నడుస్తుంది, పెద్ద డౌన్‌లోడ్లు కాలేజీ ల్యాబులో పెట్టుకోవచ్చు. అందరూ కోడ్ పెట్టుకుని కలిసి పనిచేసే గిట్‌హబ్, గిట్‌ల్యాబ్ సైట్లలో ఏదో ఒకదాంట్లో ఖాతా తెరవండి. పేరు మీ అసలు పేరులాగే ఉంటే మంచిది, ఇంటర్‌లో పెట్టుకున్న గేమింగ్ పేరు వద్దు. ఆ పేరు కింద మీరు చేసిన ప్రతి పనీ ఏళ్ల తరబడి కనిపిస్తూ ఉంటుంది.

ఇంగ్లిష్ గురించి టెన్షన్ పడేవాళ్లు చాలామంది. ఈ ప్రాజెక్టుల్లో చాలామందికి ఇంగ్లిష్ మాతృభాష కాదు. చిన్న వాక్యాలు, నేరుగా విషయం, అంతే. అనువాద యంత్రం సాయం తీసుకున్నా తప్పులేదు, పంపేముందు మీరు చెప్పాలనుకున్నదే అందులో ఉందో లేదో చూసుకోండి.

రెండు: మీరు వాడే దాన్నే ఎంచుకోండి

పెద్ద పేరున్న ప్రాజెక్టు వెతుక్కుంటూ వెళ్లకండి. నిన్న మీరు ఏం వాడారో గుర్తు తెచ్చుకోండి. సినిమా చూసింది వీఎల్‌సీలోనా? అది పారిస్ దగ్గరి ఒక ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థుల ప్రాజెక్టుగా 1996లో మొదలైంది. రికార్డు రాసుకున్నది లిబ్రెఆఫీస్‌లోనా? కాలేజీ అసైన్‌మెంట్లు మూడుల్‌లో పెడుతున్నారా? లైబ్రరీలో పుస్తకం ఉందో లేదో చూసే కంప్యూటర్‌లో కోహా నడుస్తోందా? రోజూ వాడే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడ విసుగొస్తుందో మీకు తెలుసు. ఆ విసుగే మీ మొదటి పని.

వరంగల్ చౌరస్తా చుట్టుపక్కల శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేసిపెట్టే డీటీపీ షాపుల్లో ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లు కనిపిస్తాయి. పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ వచ్చింది 2001లో. అయినా వదలరు, ఎందుకంటే చేతివేళ్లు దానికి అలవాటుపడ్డాయి, ప్రెస్సువాళ్లు ఆ ఫైలే అడుగుతారు. పేజీలు పేర్చే స్క్రైబస్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ 2024లో 1.6 వెర్షన్‌తో యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే ప్రపంచ పద్ధతి) తెలుగును వత్తులతో సహా సరిగ్గా పేర్చే స్థాయికి వచ్చింది. మీకు తెలిసిన డీటీపీ ఆపరేటర్ ఎవరైనా ఉంటే, పని తక్కువున్న పూట ఆయన పక్కన కూర్చుని ఒక శుభలేఖ స్క్రైబస్‌లో చేయించండి. సలహాలివ్వకండి, చూస్తూ ఉండండి. ఆయన చెయ్యి ఆగిన ప్రతిచోటా, “ఇదెక్కడుంది?” అని అడిగిన ప్రతిచోటా రాసుకోండి. ఆ కాగితానికి స్క్రైబస్ డెవలపర్ల దగ్గర చాలా విలువ ఉంటుంది. ఇరవై ఏళ్లు తెలుగు పేజీలు పేర్చిన మనిషి ఎక్కడ తడబడతాడో వాళ్లకు చెప్పేవాళ్లు లేరు.

ఆదిలాబాద్ వైపు వాళ్లకు ఇంకో పెద్ద పని ఎదురుచూస్తోంది. నార్నూర్ దగ్గరి గుంజాల ఊరి పేరుతో ఉన్న గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్ 11లోకి ఎక్కింది. గూగుల్ నోటో ఫాంట్ల కుటుంబంలో దానికి ఉచిత ఫాంటు కూడా ఉంది. కానీ యూనికోడ్‌లోకి ఎక్కితే అక్షరాలకు నంబర్లు దొరికినట్టు, అంతవరకే. కీబోర్డు లేఅవుట్లు పరీక్షించాలి, ఫోన్లలో ఏ యాప్ చూపిస్తోందో ఏది డబ్బాలు చూపిస్తోందో పట్టిక రాయాలి, మెనూలు ఆ భాషలోకి తేవాలి. ఈ పని గోండి మాట్లాడే ఇళ్లలో పుట్టినవాళ్లు చేస్తేనే సరిగ్గా కుదురుతుంది. మీరు ఆ ఇంటివాళ్లయితే మీకన్నా తగినవాళ్లు ప్రపంచంలో ఎక్కడా దొరకరు.

మూడు: ప్రాజెక్టు ప్రాణంతో ఉందా?

దీనికి అరగంట చాలు. చివరి మార్పు ఎప్పుడు జరిగిందో చూడండి. కొత్తవాళ్లు పెట్టిన ప్రశ్నలకు జవాబులొస్తున్నాయా చూడండి. లైసెన్స్ ఫైలు లేకపోతే వెనక్కి వచ్చేయండి. కోడ్ కనిపిస్తున్నా దాన్ని మార్చి పంచే హక్కు మీకు లేనట్టే. కంట్రిబ్యూటింగ్ అనే పేరుతో ఒక ఫైలు ఉంటుంది, అది మొదటి నుంచి చివరిదాకా చదవండి. మన పిల్లలు ఎక్కువగా దాటేసేది దాన్నే. పని ఎలా పంపాలి, టెస్టులు ఎలా నడపాలి, ఏది పంపకూడదు అన్నీ అందులోనే ఉంటాయి.

ఆ తర్వాత ఒప్పుకోకుండా మూసేసిన పుల్ రిక్వెస్టులు (నా మార్పును కలుపుకోండి అని పంపే అభ్యర్థనలు) కొన్ని తెరిచి చదవండి. ప్రాజెక్టు స్వభావం అక్కడ బయటపడుతుంది. కారణం చెప్పి, థాంక్స్ చెప్పి మూశారా? ముఖం మీద కొట్టినట్టు మాట్లాడారా? రెండోరకమైతే ఎంత పేరున్నదైనా వదిలేయండి.

నాలుగు: విని, తర్వాత మాట్లాడండి

ప్రతి ప్రాజెక్టుకూ వాళ్లు మాట్లాడుకునే చోటు ఒకటి ఉంటుంది. చాలావాటికి మ్యాట్రిక్స్‌లోనో ఐఆర్‌సీలోనో చాట్ గది ఉంటుంది. చేరి ఒకటి రెండు వారాలు ఊరికే చదవండి. ఎవరు ఏ భాగం చూస్తారు, ఏ విషయం మీద ఇప్పటికే వాదించి అలసిపోయారు, ఏ పని ఎవరూ ముట్టుకోక పడి ఉంది, ఇవన్నీ మెల్లగా అర్థమవుతాయి.

మాట్లాడేటప్పుడు మనకున్న రెండు అలవాట్లు మార్చుకోవాలి. ఒకటి, సర్ అనడం. అక్కడ అందరూ అందరినీ పేరుతోనే పిలుచుకుంటారు, అది అమర్యాద కాదు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నాయన్ని మీరు పేరుతో పిలిస్తే ఆయన నొచ్చుకోడు. సర్ సర్ అంటే మాత్రం ఇబ్బంది పడతాడు. రెండోది, విడిగా మెసేజ్ చేసి అడగడం. నలుగురిలో అడిగితే తప్పు దొరికిపోతుందని మన భయం. కానీ అందరి ముందు అడిగిన ప్రశ్నకు ఎవరైనా జవాబివ్వగలరు, రేపు అదే సందేహం వచ్చినవాడికి అది దొరుకుతుంది. “హాయ్” అని ఒక్క ముక్క పెట్టి ఎదురు చూడకండి. ఏం చేయబోయారు, ఏం జరిగింది, ఏమేం ప్రయత్నించారు, మూడూ ఒకే మెసేజ్‌లో రాయండి.

టైమ్ కూడా గుర్తుంచుకోండి. జర్మనీ, ఫ్రాన్స్ గడియారాలు మనకంటే చలికాలంలో నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు వెనక ఉంటాయి. న్యూయార్క్ అయితే చలికాలంలో పదిన్నర, వేసవిలో తొమ్మిదిన్నర గంటలు. వాళ్లలో చాలామంది పగలు ఉద్యోగం చేసుకుని రాత్రి ఈ పని చూస్తారు. మీరు సాయంత్రం అడిగితే మర్నాడు పొద్దున జవాబు రావడం మామూలే.

ఐదు: మొదటి పని, ఒక మంచి బగ్ రిపోర్టు

ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం. కోడ్ రాయకుండా మీరు చేయగలిగిన పనుల్లో దీనికి మించింది లేదు.

“తెలుగు సరిగ్గా రావట్లేదు, దయచేసి ఫిక్స్ చేయండి” అని రాస్తే అవతలివాళ్లకు చేయడానికి ఏమీ మిగలదు. ఏది సరైనదో వాళ్లకు తెలియదు కదా. మొదలు చెప్పిన లక్ష్మినే తీసుకుందాం. ఒక ప్రోగ్రామ్‌లో టేబుల్ గడిలో ఆ పేరు రాస్తే కింది వత్తు తెగిపోతోందనుకోండి. రిపోర్టు రాసేముందు మూడు పరీక్షలు చేయండి.

మొదటిది, ఫాంటు మార్చండి. నోటో సాన్స్ తెలుగుతో చూడండి, తర్వాత మండలి, సురవరం, రామభద్ర లాంటివాటితో చూడండి. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, వీటివి కూడా ఓపెన్ లైసెన్సులే. ఒక్క ఫాంటులోనే తెగితే లోపం ఆ ఫాంటులో ఉండొచ్చు, రిపోర్టు వెళ్లాల్సింది ఫాంటు చేసినవాళ్లకు. రెండోది, అదే ఫాంటుతో అదే పదాన్ని వేరే ప్రోగ్రామ్‌లో రాయండి. అక్కడ బాగుంటే తప్పు మొదటి ప్రోగ్రామ్‌ది. అన్నిచోట్లా అక్షరాలు తప్పుగా కలుస్తుంటే అనుమానం హార్ఫ్‌బజ్ మీదకు వెళ్తుంది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రెఆఫీస్, ఆండ్రాయిడ్ అన్నింటిలో అక్షరానికి గుణింతం, వత్తు ఎక్కడ అతకాలో లెక్క వేసేది ఈ హార్ఫ్‌బజే. మూడోది, లోపం ఎప్పుడొస్తోందో, ఎప్పుడు రావట్లేదో పట్టుకోండి. గడి ఎత్తును మీరే ఖాయం చేసినప్పుడు తెగి, దానంతట అది సర్దుకున్నప్పుడు తెగకపోతే కారణం దాదాపు మీ చేతికి చిక్కినట్టే. ఇంగ్లిష్ అక్షరాలకు కింద అంత చోటు అక్కర్లేదు, మన వత్తులకు కావాలి. ఆ లెక్క ఎవరో వేయలేదు.

ఇప్పుడు రిపోర్టు. శీర్షికలోనే విషయమంతా రావాలి. “వరుస ఎత్తు ఖాయం చేసిన టేబుల్ గడిలో తెలుగు వత్తుల కింది భాగం తెగిపోతోంది” అన్నట్టు. కింద ప్రోగ్రామ్ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, ఫాంటు పేరు. ఆ తర్వాత నంబర్లు వేసి: కొత్త ఫైలు తెరవాలి, ఒక టేబుల్ పెట్టాలి, వరుస ఎత్తు ఇంత అని ఖాయం చేయాలి, ఈ పదం అతికించాలి. పదాన్ని కాపీ చేసుకునేలా టెక్స్టుగానే ఇవ్వండి, వాళ్లు తెలుగు టైపు చేయలేరు. తర్వాత ఏం కనిపించాలి, ఏం కనిపిస్తోంది. రెండు స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెట్టి, తెగిన చోట ఎర్రగీతతో సున్నా చుట్టండి. “ఈ గుర్తు లేకపోతే పదం వేరే పదమైపోతుంది, లేదా చదవడానికి రాదు” అని ఒక వాక్యం చేర్చండి. అది చదివితే గానీ తెలుగు రాని డెవలపర్‌కు ఇదేదో అందం కోసం అడిగేది కాదని అర్థం కాదు. చివర ఒక చిన్న శాంపిల్ ఫైలు జతచేయండి. అందులో మీ బయోడేటా, మీ ఇంటి లెక్కలు ఉండకూడదు. రిపోర్టులు లోకమంతా చూస్తుంది.

పంపేముందు ఇదే లోపాన్ని ఇంకెవరైనా ఇప్పటికే చెప్పారేమో వెతకండి. చెప్పి ఉంటే కొత్తది తెరవకుండా మీ వివరాలు దాని కిందే చేర్చండి. హిందీలోనో బెంగాలీలోనో ఇలాంటిదే పడి ఉండొచ్చు, వాటినీ చూడండి. ఒక లిపికి వచ్చిన లోపం తరచూ మిగతా భారతీయ లిపులకూ వస్తుంది.

వెతికితే ఇలాంటివి ఇంకా చాలా కనిపిస్తాయి. ‘సాఫ్ట్‌వేర్’ అనే పదంలో ట్ తర్వాత, పక్క అక్షరం వత్తుగా మారకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తు (జీరో విడ్త్ నాన్ జాయినర్) ఉంటుంది. అది లేకుండా టైపు చేసి వెతికితే చాలా ప్రోగ్రామ్‌లలో ఆ పదం దొరకదు. బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే ఒకచోట గుణింతం మాత్రమే పోతుంది, ఇంకోచోట అక్షరం మొత్తం పోతుంది. పేర్ల జాబితాను అక్షరక్రమంలో పెట్టమంటే ‘క్ష’ ఎక్కడికి వెళ్తుందో చూడండి. పీడీఎఫ్ నుంచి తెలుగు కాపీ చేసి ఇంకోచోట అతికించి చూడండి.

ఆరు: ఇతరుల పని పరీక్షించండి

దీన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు, నాకు మాత్రం ఇదే అసలైన శిక్షణ అనిపిస్తుంది. లిబ్రెఆఫీస్ బగ్ రిపోర్టులు చేరే బగ్‌జిల్లా అనే సైట్లో ఇంకా ఎవరూ నిర్ధారించని రిపోర్టులు ఎప్పుడూ ఉంటాయి. ఒకటి తీసుకుని, అందులో చెప్పినట్టు చేసి, “నా దగ్గర కూడా వస్తోంది, ఫలానా వెర్షన్‌లో” అని రాస్తే ఒక డెవలపర్ సమయం మిగులుతుంది. రానప్పుడు రాలేదని రాయడం కూడా అంతే ముఖ్యం.

కోహా గురించి ప్రత్యేకంగా చెప్పాలి. న్యూజీలాండ్‌లోని హోరోఫెనువా అనే చిన్న ప్రాంతపు లైబ్రరీ కోసం తయారై 2000 జనవరిలో వాడకంలోకి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇది. ఇవాళ మన దేశంలో ఎన్నో కాలేజీ లైబ్రరీలు దానిమీద నడుస్తున్నాయి. కోహాలో ఎవరైనా ఒక మార్పు పంపితే, ఇంకొకరు దాన్ని పరీక్షించి సైన్ ఆఫ్ చేయాలి, అంటే బాగుందని తన పేరుతో చెప్పాలి. ఆ తర్వాతే నాణ్యత చూసే బృందం దగ్గరికి వెళ్తుంది. సైన్ ఆఫ్ చేయడానికి ప్రోగ్రామింగ్ రావాల్సిన పనిలేదు. శాండ్‌బాక్స్ అనే ఏర్పాటు ఉంది, బ్రౌజర్‌లోనే ఆ మార్పుతో కోహాను తెరిచి, పరీక్ష మెట్లు ఒక్కొక్కటీ చేసి చూడొచ్చు. ఏటా మే, నవంబర్‌లలో కొత్త వెర్షన్లు వస్తాయి కాబట్టి వాటి ముందు నెలల్లో పరీక్షించేవాళ్ల కోసం మరీ ఎదురు చూస్తారు. లైబ్రరీ సైన్స్ చదివినవాళ్లకు, కౌంటర్‌లో కూర్చుని రోజూ పుస్తకాలు ఇచ్చి తీసుకునేవాళ్లకు ఇంతకంటే దగ్గరి దారి నేను చూడలేదు.

ఏడు: తెలుగు చేయడం

లిబ్రెఆఫీస్‌కు వెబ్‌లేట్, ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా ప్రాజెక్టులకు పాంటూన్, వికీపీడియాను నడిపే మీడియావికీకి ట్రాన్స్‌లేట్‌వికీ అనే అనువాద సైట్లున్నాయి. వీటన్నింటిలో బ్రౌజర్‌లోనే కూర్చుని మెనూ మాటలు తెలుగు చేయొచ్చు. ముందు ఆ ప్రాజెక్టులో ఇప్పటికే తెలుగు చేస్తున్నవాళ్లు ఎవరో చూసి పలకరించండి. ఒకే మెనూలో ఒకచోట ‘భద్రపరచు’, ఇంకోచోట ‘సేవ్ చేయి’ ఉంటే వాడేవాళ్లు తికమక పడతారు. మెషీన్ అనువాదాన్ని కుప్పపోసి పంపకండి. దాన్ని సరిచేయడం కొత్తగా చేయడం కన్నా కష్టం.

వాక్యాల మధ్యలో పర్సెంట్ గుర్తుతోనో మీసాల బ్రాకెట్లతోనో ఉండే ముక్కల లోపల ఏమీ మార్చొద్దు. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు అక్కడ ఫైలు పేరో అంకో వచ్చి కూర్చుంటుంది. తెలుగులో క్రియ చివరకు వెళ్తుంది కాబట్టి వాటి చోటు మారుతుంది. ఆ ముక్కల్లో నంబరు ఉంటే చోటు మార్చినా ఇబ్బంది లేదు. నంబరు లేని ముక్కలు రెండు మూడు ఒకే వాక్యంలో ఉంటే, నంబర్లు చేర్చమని డెవలపర్లను అడగండి. అది కూడా ఒక బగ్ రిపోర్టే.

ఎనిమిది: కోడ్

ఇక్కడిదాకా వచ్చేసరికి మీకు ప్రాజెక్టు తెలుసు, అక్కడివాళ్లకు మీ పేరు తెలుసు. ఇప్పుడు ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’ (కొత్తవాళ్లకు తగిన పని) అని గుర్తు వేసిన పనుల్లో ఒకటి తీసుకోండి. ఇంకా మంచిది, మీరే రిపోర్టు చేసిన బగ్ తీసుకోండి. “నాకు అసైన్ చేయండి” అని రాసి ఆగిపోవడం మనవాళ్లలో చూస్తుంటాను. ఏం చేయబోతున్నారో రెండు వాక్యాల్లో రాసి మొదలుపెట్టండి.

గిట్ అంటే కోడ్‌లో ఎవరు ఏం మార్చారో దాచిపెట్టే పరికరం, లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ 2005లో లినక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) కోసమే తయారుచేశాడు. ఇప్పుడు దాదాపు అందరూ వాడేది అదే. గిట్‌హబ్, గిట్‌ల్యాబ్ ప్రాజెక్టుల్లో వరస ఇలా ఉంటుంది. ప్రాజెక్టును మీ ఖాతాలోకి ఫోర్క్ చేసుకోండి, అంటే నకలు తీసుకోండి. అక్కడి నుంచి మీ ల్యాప్‌టాప్‌కు క్లోన్ చేసుకోండి, అంటే దించుకోండి. ఏమీ మార్చకముందే ఒకసారి బిల్డ్ చేసి (కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చి), టెస్టులు నడిపి చూడండి. ఈ మెట్టు దాటేస్తే తర్వాత వచ్చే ఎర్రర్ మీదో, ముందునుంచీ ఉన్నదో తెలియక రెండు రోజులు పోతాయి. లిబ్రెఆఫీస్, ఫైర్‌ఫాక్స్ లాంటి పెద్దవి చిన్న ల్యాప్‌టాప్ మీద మొదటిసారి బిల్డ్ కావడానికి గంటలు పడుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో పైకి కనిపించే భాగాలే మారుస్తుంటే ఆర్టిఫాక్ట్ బిల్డ్ అనే పద్ధతి ఉంది, బరువైన భాగాలు ముందే తయారై డౌన్‌లోడ్ అవుతాయి.

తర్వాత ఆ పనికంటూ విడిగా ఒక బ్రాంచ్ (మీ మార్పులకు కోడ్‌లో వేరే పాయ) తెరిచి, అందులో ఆ ఒక్క మార్పే చేయండి. ఎడిటర్ సేవ్ చేసినప్పుడల్లా ఫైలంతా తన పద్ధతిలోకి సర్దేసే ఫార్మాటర్ ఆన్‌లో ఉందేమో చూసుకోండి. మీరు మార్చింది మూడు లైన్లయితే పుల్ రిక్వెస్టులో మూడు వందల లైన్లు కనిపిస్తాయి, చూసేవాళ్లకు మీ మార్పు ఎక్కడుందో దొరకదు. పంపేముందు గిట్ డిఫ్ (ఏం మారిందో చూపే కమాండ్) కొట్టి ప్రతి లైనూ మీరే చదవండి. కమిట్ మెసేజ్‌లో (మార్పుతో పాటు రాసే వివరణలో) ఏం మార్చారో ఒక లైను, ఎందుకు మార్చారో మిగతా లైన్లు. ఎలా మార్చారో కోడే చెప్తుంది. లినక్స్ కెర్నల్ లాంటి కొన్నిచోట్ల చివర ‘సైన్డ్ ఆఫ్ బై’ అని మీ పేరు ఉండాలి. ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుంది అని మీరిచ్చే మాట అది. మడికొండ ఐటీ పార్కులోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం చేస్తున్నవాళ్లు ఆ మాట ఇచ్చేముందు మీ ఉద్యోగ ఒప్పందం తీసి చూడండి. ఖాళీ సమయంలో రాసిన కోడ్ కూడా కంపెనీదే అనే షరతు కొన్నింటిలో ఉంటుంది. అలా ఉంటే రాతపూర్వకంగా అనుమతి అడగండి.

ఏఐతో రాయించిన కోడ్ సంగతి. జెంటూ, నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టులు 2024లోనే అలాంటి కోడ్ తీసుకోకూడదని నియమం పెట్టాయి. కొన్ని ప్రాజెక్టులు తీసుకుంటాయి కానీ చెప్పి పంపమంటాయి. నియమం చదివి పాటించండి. ఎక్కడైనా సరే, ఈ లైను ఎందుకుందని అడిగితే మీ నోటితో చెప్పలేని కోడ్ పంపకండి.

అక్టోబర్ గురించి కూడా. ఆ నెలలో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు పుల్ రిక్వెస్టులు పంపించే హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమం జరుగుతుంది, మనకు దసరా సెలవులు కూడా దాదాపు అప్పుడే. 2020లో బహుమతిగా ఇచ్చే టీషర్టు కోసం వేలమంది రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ ఫైలులో) ఒక పదం మార్చి పంపడంతో ప్రాజెక్టులు చూసుకునేవాళ్లు వాటిని మూయడానికే రోజులు గడిపారు. దాంతో ఒప్పుకున్న ప్రాజెక్టులకే పంపాలని రూలు మార్చాల్సి వచ్చింది. సెలవుల్లో తప్పకుండా పనిచేయండి, కానీ ప్రాజెక్టుకు అవసరమైన పని చేయండి.

తొమ్మిది: రివ్యూ వచ్చాక

మొదటి పుల్ రిక్వెస్టు ఉన్నదున్నట్టు ఒప్పుకోవడం అరుదు. పేరు మార్చండి, టెస్టు చేర్చండి, ఇది ఇలా కాకుండా అలా రాయండి అని పది వ్యాఖ్యలు రావొచ్చు. పరీక్ష పేపర్‌లో మార్కులు కోసినట్టు తీసుకోకండి. మీ కోడ్‌ను ఒక అనుభవజ్ఞుడు గంటసేపు చదివాడని దాని అర్థం, డబ్బు కట్టినా అంత శ్రద్ధ దొరకదు. అదే బ్రాంచ్‌లో సరిచేసి మళ్లీ పుష్ చేయండి (మీ ఆన్‌లైన్ నకలులోకి పంపండి), కొత్త పుల్ రిక్వెస్టు తెరవొద్దు. ఒప్పుకోని సూచన ఉంటే కారణం రాయండి. వారం పది రోజులు ఎవరూ పలకకపోతే మర్యాదగా ఒక్కసారి గుర్తుచేయండి. రోజూ కాదు.

పది: నిలబడటం

అన్నిచోట్లా కొంచెం కొంచెం చేసేవాళ్లకన్నా ఒక మూల పట్టుకుని కూర్చున్నవాళ్లు ప్రాజెక్టుకు ఎక్కువ అవసరం. తెలుగు రెండరింగ్ (తెరమీద అక్షరాలు చూపించే పని) బగ్‌లు అంటే మీరే గుర్తొచ్చేలా ఉండండి. కొన్ని నెలలకో ఏడాదికో మార్పులు నేరుగా కలిపే హక్కు రావొచ్చు. ఆలస్యమైతే బాధపడకండి, దానికి గట్టి కారణం ఉంది. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ టూల్‌లో దొంగదారి బయటపడింది. పెట్టిన వ్యక్తి రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేసి నమ్మకం సంపాదించుకున్నాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్, సర్వర్‌లో లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వితే అది దొరికింది. అప్పటినుంచి ఎవరికి ఏ తాళంచెవి ఇవ్వాలన్న విషయంలో అందరూ ఇంకా జాగ్రత్తగా ఉంటున్నారు.

ఒంటరిగా చేస్తే మధ్యలో నీరుగారిపోతారు. కాజీపేటలోనో జగిత్యాలలోనో నలుగురు కలిసి ఆదివారం ఒకచోట కూర్చోండి. ఒకరు రిపోర్టు రాస్తే ఇంకొకరు తమ కంప్యూటర్‌లో అది వస్తుందో లేదో చూడొచ్చు. ఆ ఒక్కపనికే సగం రిపోర్టులు మెరుగవుతాయి. తెలంగాణలో ఏళ్లుగా ఫ్రీ సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తున్న స్వేచ్ఛ సంస్థ ఉంది, కాలేజీల్లో వాళ్ల బృందాలు ఉంటాయి. ఏటా సెప్టెంబర్ మూడో శనివారం సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ డే వస్తుంది. కాలేజీలో ల్యాబు అడగడానికి అది మంచి సందర్భం.

గూగుల్ డబ్బిచ్చి కొత్తవాళ్లతో ఓపెన్ సోర్స్ పని చేయించే సమ్మర్ ఆఫ్ కోడ్‌కు వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. 2005 నుంచి నడుస్తున్న ఈ కార్యక్రమంలో 2022 నుంచి విద్యార్థులు కానివాళ్లకూ అవకాశం ఇచ్చారు. దరఖాస్తులు వేసవి ముందు తీసుకుంటారు. అప్పుడు వచ్చి పరిచయం చేసుకునేవాళ్లు చాలామంది ఉంటారు. మెంటర్లు చూసేది అప్పటికే వాళ్లతో కలిసి పనిచేసినవాళ్లను. దసరాకు మొదలుపెడితే సంక్రాంతికల్లా మీరు వాళ్లకు తెలిసినవాళ్లవుతారు.

పరీక్షలు వస్తాయి, ప్లేస్‌మెంట్లు వస్తాయి, ఇంట్లో పెళ్లి వస్తుంది. పని ఆపాల్సి వస్తే మౌనంగా మాయమైపోకండి. మీ పేరు మీదున్న పనులన్నీ తెరిచి, ఒక్కోదాని కింద ఇలా రాయండి: “వచ్చే మూడు నెలలు నేను అందుబాటులో ఉండను. ఇప్పటిదాకా చేసింది ఈ బ్రాంచ్‌లో ఉంది, టెస్టు ఒకటి ఇంకా ఫెయిల్ అవుతోంది, కారణం ఇదని అనుకుంటున్నాను. ఎవరైనా తీసుకోవచ్చు.” ఆ తర్వాత అసైన్‌మెంట్ నుంచి మీ పేరు తీసేయండి, ఇంకొకరు మొహమాటం లేకుండా మొదలుపెట్టేలా.